కణుపు లేని ఆకు

అడవివరం జైలు నర్సరీలో
మంగళ, శుక్రవారాలు అంట్లు కట్టడం నేర్పుతాను.
రోజుకి మూడొందల యాభై, టీ వాళ్ళది.
కత్తి మాత్రం లెక్క రాసి ఇస్తారు,
లెక్క రాసి తీసుకుంటారు.

పాంగి సోంబ్రుకి పంతొమ్మిదేళ్ళు.
జీకే వీధి అవతల ఏదో గూడెం.
ఎందుకొచ్చావని నేనడగలేదు, ఇక్కడ అడక్కూడదు.
తనే చెప్పాడు, ఎర్రమట్టి జల్లిస్తూ:
"సంచీ మొయ్యమన్నారు మాస్టారూ.
నర్సీపట్నం దాకా. ఐదువేలన్నారు.
లోపలేటుందో వాసనకి తెలుస్తాది గదా.
తెలిసే మోసినాను."

పంపినవాడి పేరు కాగితంలో లేదు.
కొన్నవాడి పేరూ లేదు.
మధ్యలో వీపొక్కటే దొరికింది.

ఓ రోజు రణపాల చూపించాను.
ఆకు తుంపి ఇసక మీద పడేస్తే చాలు,
అంచున గంటుగంటుకీ ఓ పిల్ల.
"మా మేనత్త సంతానంలాగుంది" అన్నాడు
గాజువాక సైకిళ్ళ దొంగ. అందరూ నవ్వారు.
సోంబ్రు నవ్వలేదు.

"అన్నాకులూ ఇలాగుండవు మాస్టారూ.
ఆ ఆకు ఇలాక్కాదు.
మా కొండకి ఒకాయనొచ్చి
గాజుగ్లాసులో ఒక్కాకు పెట్టినాడు.
మొక్కయిపోద్ది, విత్తనం కర్సుండదన్నాడు.
వేళ్ళొచ్చినాయి. తెల్లగా, మా అవ్వ జుట్టులాగ.
రెండు నెల్లు సూసినాం.
మొక్క రాలేదు."

కణుపుండాలిరా, అన్నాను.
ఆకుకాడ కొమ్మని తగిలే చంకలో
ఆవగింజంత మొగ్గ ఉంటుంది, అది కూడా రావాలి.
రాకపోతే ఆకు వేరు తొడుగుతుంది,
నీళ్ళు తాగుతుంది, పచ్చగానే ఉంటుంది,
ఎటూ పోదు.
గుడ్డి ఆకంటాం మేం.

వాడు జల్లెడ ఆపేశాడు.
గోడకి అవతల కొండ మీంచి
పనసపళ్ళ వాసన దిగుతోంది.

మరుసటి వారం,
సగానికి కోసిన నీళ్ళసీసాలో
చేమంతి ఆకొకటి, కిటికీ ఊచల దగ్గర.
రంపపు అంచులు చూసి డిప్యూటీ జైలర్ గారు
బూట్లతో సహా పరుగెత్తుకొచ్చారు.
"ఏట్రా ఇది? ఏట్రా?"
నలుగురు మనుషులు, పట్టపగలు ఒక టార్చి.
నన్ను పిలిపించారు.
చేమంతండీ, అన్నాను, దేవుడికి పెట్టుకునేదే.
ఆయన కూడా వాసన చూసి తుమ్మారు.
పుస్తకంలో రాయించారు:
ఆకు, ఒకటి.

పదకొండో రోజుకి వేళ్ళొచ్చాయి.
సోంబ్రుకి బెయిలు అంతకుముందే వచ్చింది.
వచ్చి ఏడు నెలలు.
ఇద్దరు జామీనుదారులు కావాలట,
ఆస్తికాగితం ఉన్నవాళ్ళు,
కోర్టుకొచ్చి సంతకం పెట్టగలిగినవాళ్ళు.
గూడెంలో కాగితం ఉన్నవాడు సర్పంచి ఒక్కడే,
సర్పంచి ఫోనెత్తడు.

తండ్రి ఒకసారి వచ్చాడు.
తువ్వాలు మూటలో పచ్చిపసుపు తెచ్చాడు.
లోపలికి పంపకూడదన్నారు.
గేటు దగ్గర నా చేతిలో పెట్టి,
తెలుగులో మాట దొరక్క
కొంచెంసేపు నా వేళ్ళు పట్టుకుని
బస్సెక్కాడు.

ఆ దుంప మా వంటింటి గూట్లో
మట్టీ నీళ్ళూ లేకుండానే మొలకెత్తింది.
కంటికో మొలక.
వాడికింకా చెప్పలేదు.

చేమంతి ఆకు అలాగే ఉంది.
సీసా నిండా వేళ్ళు, ఒకదాన్నొకటి చుట్టుకుని
బయటికి దారి వెతుకుతున్నట్టు.
"మొక్క రాదు గదా మాస్టారూ," అంటాడు,
అంటూనే నీళ్ళు మారుస్తాడు.

గోపాలపట్నంలో నాకు అరవై గజాల ఇల్లుంది.
కాగితం బీరువాలో,
పెళ్ళిపట్టుచీరల కింద.
సంతకం బాగానే పెడతాను.

మా ఆవిడతో ఇంకా మాట్లాడలేదు.
రేపు శుక్రవారం.