ఒక నిమిషం ముందు

ఆయన ఇంటిపేరు పికిల్స్.
నా ఫోనులో ‘ఊరగాయ గారు’ అని రాసుకున్నాను.
బర్న్లీలో కాలువ వెనక వీధి, ఎనభై రెండేళ్ళు.
శనివారం రెండూ నలభై ఐదుకి నా వంతు:
మాత్రలు, కాళ్ళకు పట్టీలు, టీ, సంతకం.
ముప్పై నిమిషాలు. ముప్పై ఒకటోది నా జేబులోంచి.

మొదటి వారమే అడిగారు,
మాత్రల కంటే ముందు, గొంతు తగ్గించి:
‘ఈ పెట్టెలో ఆట పెట్టడం నీకొచ్చా, లవ్?’

పెట్టడం కాదది, ఈగలు తోలడం.
లింకు నొక్కితే జూదం ప్రకటన. దాన్ని మూస్తే
ఒంటరి ఆడవాళ్ళట, మూడు మైళ్ళ దూరంలో.
మూసే గుర్తనుకుని నొక్కిందల్లా మరో తలుపు.
తోలగా తోలగా చివరికి
ఒక పచ్చటి ముక్క, కాస్త వణుకుతూ,
అరబ్బీ వ్యాఖ్యానంతో.

‘దొంగతనం కదండీ’ అన్నాను ఒకసారి,
మా ఇంట్లో క్రికెట్ ఎలా వస్తుందో చెప్పకుండా.
ఆయన కరెంటు బిల్లు కవరు తిప్పి చూపించారు.
వెనక పెన్సిలు లెక్క:
ఈ చానలుకి ఇంత, ఆ చానలుకి ఇంత, మూడోదానికి ఇంత,
కింద గీత, గీత కింద పింఛను.
‘అన్నీ కట్టినా శనివారం మూడింటి ఆట
ఈ దేశంలో ఎవడూ చూపించడు.
దుబాయిలో చూడొచ్చు. బ్రెజిల్లో చూడొచ్చు.
నా వీధికి రెండు వీధుల అవతల ఆడేది
నేను తప్ప లోకమంతా చూడొచ్చు.’

స్టేడియం మెట్లు ఆయన మోకాళ్ళకి అందవు.
టిక్కెట్టు పింఛనుకి అందదు.

చిన్నప్పుడు మూడొంతుల ఆట అయ్యాక
గేట్లు తెరిచేసేవారట, తొందరగా వెళ్ళిపోయే వాళ్ళ కోసం.
డబ్బుల్లేని పిల్లలు ఆ జనానికి ఎదురీదుతూ లోపలికి.
కాపలా మనిషి వంగి బూటు లేసు కట్టుకుంటుండేవాడట,
ప్రతి శనివారం, సరిగ్గా ఆ వేళకే ఊడిపోయే లేసు.

మగ్గాల షెడ్డులో ముప్పై ఏళ్ళు. చెవులు అక్కడే పోయాయి.
ఆ రొదలో పెదాలు చూసే మాట్లాడుకునేవాళ్ళు.
ఇప్పటికీ ఆయన మాట వినరు, ముఖం చదువుతారు.

అదే నా ఇబ్బంది.
దొంగ బొమ్మ ఏ సముద్రాలు చుట్టి వస్తుందో గానీ
ఒక నిమిషం ఆలస్యం.
కేక మాత్రం నేరుగా వస్తుంది, కిటికీలోంచి, ఉచితంగా.
ఆయనకి వినపడదు. నాకు వినపడుతుంది.
తెర మీద బంతి ఇంకా మైదానం మధ్యలో పొర్లుతుంటుంది,
బయట వేలమంది గోలు చూసేసి అరుస్తుంటారు,
నేను పట్టీ చుడుతూ తల దించేసుకుంటాను,
చేతికి జోకరు తగిలిన పేకాటమనిషిలా.

‘పైకి చూడు’ అంటారు.
‘చూడను.’
‘మనదా, వాళ్ళదా?’
వాళ్ళదైతే కేక ఉండదు, గాలిలో ఒక గుంట పడుతుంది.
దాన్ని దాచడం మరీ కష్టం.

మొన్న శనివారం పన్నెండో నిమిషంలో తెర నల్లబడింది.
ఏదో కోర్టు ఉత్తర్వు, తెల్లటి అక్షరాల్లో.
వేరే లింకు. జూదం. ఒంటరి ఆడవాళ్ళు. మళ్ళీ నలుపు.
అప్పుడే కిటికీ అద్దం అదిరింది.
ఆయన తెరని వదిలేసి
కుర్చీతో సహా నా వైపు తిరిగారు.

ఈసారి తల దించుకోలేదు.
ఎంత పళ్ళికిలించానో నాకే తెలీదు,
ఆయన రెండు చేతులూ ఎత్తేశారు, ఒక కాలికి పట్టీ వేలాడుతూ.

మూడూ పదిహేను దాటింది. ఇరవై ఐదు దాటింది.
కిటికీ పక్కన నిలబడి విన్నాను, ఆయన నన్ను చూశారు.
ఆఫీసు నుంచి ఫోను, ఇంకా ఎందుకు బయల్దేరలేదని.
బూటు లేసు ఊడిందన్నాను.

నావి లేసుల్లేని బూట్లు.