పసుపు మరక

మారికుప్పంలో బయల్దేరే బండి కాబట్టి
నాకు కిటికీ సీటు దొరుకుతుంది.
సైనైడ్ గుట్టలు పక్కనే నడిచి, ఆగిపోతాయి.
మాలూరులో కనకాంబరాల బుట్టలు ఎక్కాక
కాళ్ళు పైకి ముడుచుకుని
వైట్‌ఫీల్డ్ దాకా కునికిపాట్లు.

మా ల్యాబు పేరు పొడుగు. అమ్మకి నోరు తిరగదు.
చిప్పుల శవపరీక్ష, అని చెప్పాను.
"శవాలా? అయితే కాళ్ళు కడుక్కునే లోపలికి రా"
అంది, నవ్వకుండా.

ఎక్కడెక్కడి నుంచో పంపుతారు,
చిన్న ప్లాస్టిక్ సంచిలో, మీద చీటీ అంటించి.
హెబ్బాళ ఫ్లైఓవర్ మీద వానలో
నిలిచిపోయిన కరెంటు స్కూటరుది ఒకటి.
ఎవరిదో గుండె లెక్కపెడుతూ పెడుతూ
లెక్క తప్పింది ఒకటి.
అడిగినదానికల్లా జవాబు చెప్పే యంత్రాల
గోడౌను నుంచి వచ్చింది మాత్రం అరచేతి వెడల్పు.
ఇంకా వెచ్చగా ఉందేమోనని తాకి చూశాను.

సోమవారం మీటింగులో నిరంజన్ సారు
గోడ మీద ఒక గీత వేసి చూపిస్తారు.
నందికొండ ఘాటురోడ్డులా అది వంపు తిరుగుతూ పైకి పోతుంది.
ఏఐ అంటారు, ఫైవ్‌జీ అంటారు, కార్లంటారు,
ఇంకో పదేళ్ళు మనల్ని పట్టేవాడు లేడంటారు.
నేను వెనక కుర్చీలోంచి తలాడిస్తాను.
ఆ గీత నాకు ముందే తెలుసు.
పోయినేడు రోజుకి ఆరు సంచులు,
ఇప్పుడు ఇరవై రెండు.
పుట్టేవి ఎక్కువైతేనే గదా
పోయేవి ఎక్కువయ్యేది.

నల్ల పెంకు మీద ఆమ్లం చుక్క పెడితే
గోధుమరంగు పొగ లేస్తుంది.
పెంకు కరిగాక, మైక్రోస్కోపు కింద,
ఒడ్డు నుంచి ఒడ్డుకి వంగిన తీగలు.
తలవెంట్రుకని మూడుగా చీలిస్తే ఒక పాయ ఎంతో, అంత.
బంగారం.

మా తాత మునెప్ప ఛాంపియన్ రీఫ్‌లో దిగేవాడు.
కింద రాయి ముట్టుకుంటే చెయ్యి కాలేదట.
టన్ను రాయికి నాలుగు గ్రాములు.
పైకొచ్చాక గేటు దగ్గర చొక్కా విప్పించి
గోళ్ళ సందుల్లో కూడా వెతికేవాళ్ళట.
అవ్వ తాడుకి మాత్రం
చివరిదాకా పసుపుకొమ్మే.

తాతా, నువ్వు తవ్వింది ఎటు పోయిందో నాకు తెలీదు.
ఇక్కడ ఒక తీగ తెగి పడి ఉంది, చూడు.
స్కూటరు ఆగింది దీనికే.

నిన్న కొత్త రకం ఒకటి వచ్చింది.
అలవాటుగా అదే సీసా తీసి, అదే చుక్క వేశాను.
పొగ పోయాక చూస్తే లోపల ఏమీ లేదు.
ఈ చివరా ఆ చివరా ఉత్త గుంటలు.
ఇబ్రహీం సారు వెనకే నిలబడి ఉన్నారు.
"ఇది రాగి, పాపా.
ధర మండిపోతోందని బంగారం మానేశారు.
రాగికి ఈ నైట్రిక్ ఒక్కటే అయితే తినేస్తుంది.
ఇంకో ఆమ్లం కలిపి, చల్లబరిచి, మెల్లిగా పొయ్యి."
కాసేపాగి మళ్ళీ అన్నారు.
"అసలు పెద్దవాటిలో తీగలే ఉండవు.
బోర్లా పడుకోబెట్టి చుక్కలతో అతికిస్తారు."

మరణ కారణం, అనే గడిలో
ఏం రాయాలో తెలియలేదు.
నేనే, అని రాయొచ్చు.
"సాక్ష్యం నశించింది" అని రాశాను.

సాయంత్రం గేటు దగ్గర నన్నూ ఆపారు.
సంచీ తెరిపించి, ఫోనుకి అంటించిన స్టిక్కరు చూసి, పొమ్మన్నారు.
గోళ్ళు చూడలేదు.

బండిలో ఎవరో అంటున్నారు,
ఆ గుట్టల్లో ఇంకా బంగారం మిగిలుందంట,
మట్టినంతా మళ్ళీ జల్లిస్తారంట.
పక్కాయన పేపరు మడిచి విసురుకుంటూ
"ముందు బాత్రూములో నీళ్ళు రానీ" అన్నాడు.

రాత్రి అన్నం కలుపుతుంటే
అమ్మ నా వేళ్ళ వైపు చూసింది.
చేతి తొడుగు చిరిగిందేమో, చూసుకోలేదు.
నైట్రిక్ తగిలినచోట చర్మం పచ్చబడుతుంది.
సబ్బుకి పోదు, వారం పడుతుంది.

"పసుపు దంచావా ఏందే?" అంది.
ఊఁ, అన్నాను.