నూనె మరక కింది మాట

బొమ్మనహళ్ళిలో మా సందు మసీదుకు
ఆడోళ్ళెక్కే మెట్లు లేవు.
రంజాను నెల మైకులో గొంతు మాత్రం వస్తుంది
మూడు మేడలు దాటుకుని.
సగం సూరా మాకు,
సగం హోసూరు రోడ్డు లారీలకు.

అందుకే డాబా మీద
రెండు నల్ల ట్యాంకుల నడుమ
నాలుగు చాపలు, ఒక పాత దుప్పటి.
గార్మెంట్సు షిఫ్టు దిగి, గంజి తాగి,
చున్నీలకంటిన దారప్పోగులు ఏరుకుంటూ
ఎక్కొస్తాం ఏడుగురం.
బయటున్న గౌసియా చెప్పుల పక్కన కూచుని
మా ఫోన్లన్నీ ఒళ్ళో పెట్టుకుంటుంది.

"ముందు ఎవరు నిలబడేది?"
తొలిరాత్రి అందరం ఆరేసిన బట్టల్ని చూశాం.
ఇమాంబత్త కొంగుతో మొహం తుడుచుకుని
"నాకొచ్చేటివి పదకొండు సూరాలు.
చాలకుంటే మళ్ళీ మొదట్నుంచి" అనింది.
ఇన్నేళ్ళూ ఇమాంబీ, ఇమాంబీ అని పిలుస్తూనే ఉన్నాం
పేరు మొదట్లో ఉన్న మాట
ఒక్కరి చెవినా పడలేదు.

జమ్మలమడుగు దూదేకులామె.
పరుపులు కుట్టే వాళ్ళ నాయన
ఏకు విల్లు గోడకు తగిలించి
లాంతరు కింద, బడి నోటుబుక్కులో
అరబ్బీని తెలుగు అక్షరాల్లో రాసిచ్చినాడు.
కొన్ని అక్షరాల కింద చుక్క పెట్టి
పక్కనే "గొంతు అడుగు నుంచి తల్లీ" అని.
ఏడో పేజీ మీద మాత్రం
ఎప్పటిదో బోండాల నూనె.

సబీహాది శివాజీనగరు. కటింగు సెక్షను.
మదరసా చదువు సగంలో ఆగిన పిల్ల.
"ఆడమనిషి జమాత్ చదివిస్తే మక్రూ.
దాని మీద తెలుగులో నేర్చిన అరబ్బీ!" అని
ట్యాంకు వెనక్కి పోయింది.
అత్తకు కోపం రాలేదు.
"ముందర నిలబడనులే బిడ్డా, నడుమ నిలబడతా."

నడుమనే నిలబడింది.
పగిలిన ఆమె మడమ నా మడమకు సమంగా.
ఫ్యాక్టరీలో మా లైను ముందర
ఎప్పుడూ ఒకడుంటాడు, చేతిలో గడియారంతో.
ఇక్కడ ఎదురుగా ఎవరి వీపూ లేదు.
ఒక తడి తువ్వాలు,
దాని వెనక పడమర.

నాలుగో సలాం తర్వాత
ఏడో పేజీ సూరా.
నూనె మరక దగ్గరికొచ్చి
అత్త గొంతు ఆగిపోయింది.
వెనక్కి పోయి మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ అక్కడే.

ఇమాము తప్పితే ఆడోళ్ళు
చేతి మీద చెయ్యి తట్టాలంట, గొంతెత్తకూడదంట.
మాబున్ని తట్టింది.
చప్పట్లో మాట ఉండదు కదా.
కింద ఎవరో మోటారు ఆపేశారు.
ట్యాంకులో నీళ్ళు నిండిన చప్పుడు.

అప్పుడు వెనక నుంచి, మెత్తగా, ఒకే మాట.
అత్త అందుకుని
వంతెన మీద బండి పోయినట్టు పోయింది.

నేను సజ్దాలో నుదురానించి
చదవాల్సింది చదవక లెక్కలేస్తున్నా:
నమాజులో లేనివాళ్ళు మాట అందించకూడదు.
అందిస్తే అందరిదీ చెడుతుంది.
ఆ సంగతి మాకంటే సబీహాకే బాగా తెలుసు.
మరి ఎప్పుడు కట్టుకుంది చేతులు,
ఆ చీకట్లో, ఒక్కతే?

సలాం ఇచ్చి తిరిగేసరికి
ట్యాంకుకానుకుని ఫోను చూసుకుంటూ ఉంది.
ఎవరం ఏమీ అడగలేదు.
అత్త నోటుబుక్కు ముందుకు జరిపి
"ఇదో, ఈడ రాసియ్యి" అనింది.
ఆ పిల్లకు తెలుగు రాయడం రాదు.
ఆమె చెప్పింది, నేను రాశాను,
జేబులో ఉన్నది బట్టకు గీతలు గీసే సుద్దముక్క,
దాంతోనే.

పొద్దుటికి రాలిపోయింది.

మరుసటి రాత్రి అత్త
అదే పేజీ ఎత్తుకుంది, అక్కడే ఆగింది.
మరిచిపోయి ఆగిందో
వినాలని ఆగిందో,
నా ఎడమ భుజం పక్కన
ఎవరో ఊపిరి తీసుకున్నారు.