పన్నెండో జెండా

ముత్తుకూరు మండలం, సర్వే నంబరు రెండొందల పద్నాలుగు.
పాత పటంలో ఇక్కడ రెండు గీతలు పక్కపక్కన నడుస్తాయి,
మధ్యలో వెలిసిపోయిన నీలం.
ఎవరో గొలుసు మనిషి
మోకాటి లోతు బురదలో నిలబడి కొలిచుంటాడు.
కొత్త పటంలో ఒకటే గీత. దాని పేరు దారి.

"ఏప్రిల్లో కొలిచెయ్యండి సార్, బూట్లకి మట్టంటదు"
అన్నాడు వెంచర్ మనిషి హేమాద్రి.
నిజమే, ఏప్రిల్లో ఇది నేల.
పగిలి, ఉప్పు పూసి, పిల్లలు క్రికెట్ ఆడుకునే నేల.
నేను కార్తీక పున్నమి మర్నాడు వచ్చాను,
పోటు ఇంకా పూర్తిగా వెనక్కి పోకముందే.

ఆగర్ దించాను.
పైన జానెడు ఎర్రమన్ను, టిప్పర్లలో వచ్చింది,
దానికింకా ఈ ఊరి యాస పట్టుబడలేదు.
దానికింద బూడిదరంగు బంక,
బంకలో సన్నటి తుప్పు చారలు,
నీళ్లు నిలిచి, పోయి, మళ్లీ నిలిచిన ఏళ్లన్నీ.
అరచేతిలోకి తీసుకుని వాసన చూశాను.
మురిగిన కోడిగుడ్డు.
ఇంత కచ్చితంగా మాట్లాడే సాక్షిని
ముప్పై ఏళ్ల నౌకరీలో ఏ కోర్టులోనూ చూడలేదు.

పీతల బుట్ట నడుముకి కట్టుకున్న ఏకొల్లు పోలమ్మ
నన్ను చూసి నవ్వింది.
"దీనికి ఇనపకడ్డీ ఎందుకయ్యా, నీకు మడమ లేదా?
మడమ దిగబడితే ఏటిది. దిగబడకపోతే ఊరిది.
రవ్వంత దిగి ఆగిందనుకో, అది ఇద్దరిదీ.
ఆడ పొయ్యి పెట్టుకోవచ్చు,
గోడ పెట్టుకోగూడదు."

ఆ మూడోదానికి మా ఫారంలో గడి లేదు.

ఆమె ముందు నడిచింది, వెనకే నేను జెండాలు పాతుకుంటూ.
ఇలకూర మొదలైన చోట ఒకటి,
తుంగ ఆగిపోయిన చోట ఒకటి,
బొరియ చుట్టూ పీత తడిమట్టి గోళీలు పేర్చిన చోట ఒకటి.
ఎనిమిదోది సరిగ్గా
క్లబ్ హౌస్ అని సున్నం చల్లిన గీతల నడుమ పడింది.
హేమాద్రి ఏమీ అనలేదు.
ఫోన్ తీసుకుని పక్కకి వెళ్లాడు,
మూడడుగులకే బూటు దిగబడింది.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి.
ఇరవై రెండేళ్ల కిందట, నెల్లూరు శివారు ఫైలొకటి.
"పంటకాలువ, ప్రస్తుతం వాడుకలో లేదు."
మే నెలలో చూసి రాశాను.
తర్వాత అక్కడే నూటయాభై గజాలు కంతుల మీద కొన్నాను,
చవగ్గా వస్తోందని.
వాయుగుండం పట్టినప్పుడల్లా
ఫ్రిజ్జుని ఇటుకల మీదికి ఎక్కిస్తాం.
వానని తిట్టుకుంటూ చీపురు పట్టే మా ఆవిడకి
ఇప్పటికీ చెప్పలేదు,
వంటింట్లోకి వచ్చేది వాన కాదని,
పాత దారి వెతుక్కుంటూ
నా సంతకం మీదుగా నడిచొచ్చే కాలువని.

రాత్రి ఆఫీసులో బిందువులన్నీ కలిపాను.
గీత నిద్రలో ఒత్తిగిలిన మనిషిలా మెలికలు తిరిగింది.
కంప్యూటరు ఒప్పుకోదు.
ఆకారం మూసుకోవాలంటుంది,
చివరి బిందువు మొదటి బిందువుని కలవాలంటుంది.
తూర్పున పాయ సముద్రానికి నోరు తెరిచే చోట
దేంతో మూయను?
చుక్కల గీత పెట్టి, పక్కన "పోటును బట్టి" అని రాశాను.
పైవాళ్లు అడుగుతారు. అడగనీ.

పొద్దున వెళ్లేసరికి పదకొండు జెండాలే ఉన్నాయి.
హేమాద్రిని అనుమానించాను, తప్పు.
పోలమ్మ మనవరాలి జడలో ఎర్రగుడ్డ.
ఆ పిల్ల నీటి అంచున ఒంటికాలి మీద గెంతుతోంది,
దిగబడే చోట ఒకసారి, దిగబడని చోట ఒకసారి.

రిజిస్టరు తెరిచాను.
పన్నెండు: కదులుతోంది,
అని రాసి, కొట్టేసి,
కొట్టేసింది కూడా చదవడానికి వీలుగా వదిలేశాను.