తువ్వాల కింద తెర

మైసయ్య ఎండిన బోర్లల్లోకి కెమెరా దించుతడు.
దేవరకొండ నుంచి చందంపేట దాకా
పాత మోపెడ్ మీద తీగచుట్ట, అరచేతంత తెర.
ఎండకు తెరలో తన మొహమే కనబడుతదని
తువ్వాల కప్పుకొని వంగుతడట.
"నాలుగు వందల ఫీట్ల కాడ
తడి రాయి గూడ నీళ్ల లెక్కనే మెరుస్తది డాక్టరమ్మా.
బొమ్మను నమ్మొద్దు. బెడ్డ పడేదాక చూడాలె.
వలయం లేస్తె నీళ్లు, లేకుంటె ఉత్త మెరుపు."
స్కాను కాగితాలు పొట్ట మీద పెట్టుకొని
ఆపరేషన్‌కు ముందురాత్రి చెప్పిండు.

నల్లగొండ ఆస్పత్రి, రెండో అంతస్తు.
నాలుగు చేతుల యంత్రం అతని మీద వంగి ఉంది.
నేను ఆరడుగుల అవతల
నా తువ్వాల కింద తల దూర్చిన.
రెండు కళ్లకు రెండు బొమ్మలు,
అవి కలిసిన చోట లోతు.
మూత్రపిండం కింద దారి సన్నబడ్డది,
కోసి, వెంట్రుకంత దారంతో కలపాలి.

ఈ యంత్రం నా వేళ్లకు ఏమీ చెప్పదు.
బిగువు కూడా చూసే తెలుసుకోవాలి.
దారం లాగిన చోట కండ పాలిపోయిందా, అక్కడ ఆగాలి.
కళ్లతో ముట్టుకోవడం నేర్వడానికి
రెండేళ్లు రబ్బరు ముక్కలు కుట్టిన.

ఆరో కుట్టు కాడ ఎడమకంటి బొమ్మ పోయింది.
లోపలి లోకమంతా గోడకంటించిన పోస్టర్.
సూది ఉందనుకున్న చోట గాలి.
మళ్లీ గాలి.
దారం తెగింది.
చప్పుడు లేదు, చేతికి తెలియలేదు,
విడిపోయిన కొనలు కనబడితేనే తెలిసింది.

"గోడ మీది తెర చూసి చేస్తరా మేడం?"
సిస్టర్ ఎస్తేరు అడిగింది.
పెద్ద తెరే, మంచి తెరే.
కానీ మెడ అటు, చేతులు ఇటు;
ముందుకు పోదామంటే పక్కకు పోతున్న.
ఇంజనీరు నార్కట్‌పల్లి దాటిండట.

ఆగిన.
చేతులు ఒళ్లో పెట్టుకున్న.
ఇరవై రెండు నిమిషాలు ఆ చదును బొమ్మనే చూసిన.
సగం కుట్టిన అంచు కింద ఏదో మెరుస్తోంది.
తడా, నీరా?
ఒంటికన్ను తెర చెప్పలేదు.
అంతలో పైనుంచి ఒక బొట్టు జారింది,
పల్చటి వలయం లేచి, అంచును తాకి పోయింది.

మాస్కు లోపల నవ్విన. ఎవరికీ కనబడలేదు.

రెండో బొమ్మ వచ్చినంక మిగిలినవి ఐదు కుట్లు.
వాటి గురించి చెప్పడానికేం లేదు.

మర్నాడు రౌండ్లల్లో మొదటి మాట అతనిదే:
"నీళ్లు పడ్డయా?"
పడ్డయన్న.
మైసయ్య నమ్మలేదు.
మంచం పక్కన వేలాడే సంచిని
కిటికీ వెలుగు దిక్కు తిప్పమన్నడు,
ఒక కన్ను మూసి,
చాలాసేపు చూసిండు.