బెల్లం లెక్క

విడవలూరులో నాది మోటార్లు చుట్టే అంగడి.
రాగితీగ, వార్నీషు వాసన, కాలిపోయిన ఏరేటర్లు.
వాటి నడుమ, పై అరలో
బడివాళ్లు పారేసిన పాత కంప్యూటరొకటి
పచ్చలైటు పెట్టుకుని రేయీపగలూ మేలుకోనుంటాది.

అది రాకముందు మా మాటలన్నీ
ఎవరిదో పెద్ద గుంటలో ఉండేవి.
ఊరికే ఈదనిస్తా ఉండారే, మంచోళ్లు అనుకున్నాం.
మేత ఎందుకు చల్లతా ఉండారో,
పట్టుబడి ఏ రోజో అడగలా.
రొయ్యల్ని సాకేవాళ్లం,
మాకైనా తట్టి ఉండాల్సింది.

ఒక అర్ధరాత్రి పెంచలయ్య
తేలిపోయిన రొయ్యల ఫొటో పెట్టి
"తెల్లమచ్చేనా అబ్బయ్యా, ఎవురైనా చెప్పండి" అన్నాడు.
తెల్లారేసరికి ఫొటో లేదు, పెంచలయ్య లేడు,
ఆరువందల మందిమి మాట్లాడుకున్న జాగానే లేదు.
నియమాలకు విరుద్ధమని ఒక్క ముక్క.
ఏ నియమం? రాసిందెవురు?
తాసిల్దారు ఆఫీసుకైతే తలుపుంటాది,
తలుపు కాడ బంట్రోతుంటాడు,
టీ తాపిస్తే ఒక మాటైనా పలుకుతాడు.
దీనికి అంతా గోడే, వాకిలి లేదు.

పోయినవాటిల్లో కోటిరెడ్డి మాటలున్నాయి.
ఎకరా గుంటకు బెల్లమెంత, తవుడెంత,
ఎన్ని గంటలు పులియబెట్టాల,
వాసన బట్టి ఎట్ట కనుక్కోవాల.
పోయినేడు గుండెనొప్పితో పోయినాడాయన.
చెప్పింది మిగిలుందిలే అనుకున్నాం.
ఆయన్ని రెండోసారి మోసకపోయినట్టయింది.

అప్పుడొచ్చింది నౌషీన్, రహమత్ బీ కూతురు,
నెల్లూరులో డిప్లొమా చదివే పిల్ల.
"మామా, పై అర ఖాళీ చెయ్యి."
మూడు రోజులు తీగలతో కుస్తీ పట్టింది.
నాలుగోనాడు బ్యాటరీకి తగిలించి
"ఇది మనది. దీన్ని ఆపాలంటే
నీ అంగడి తాళం పగలగొట్టాల" అనింది.
ఆ సాయంత్రమే తాళం మార్చినా.

ఇందుకూరుపేట వాళ్లు మేమూ చేరతామన్నారు.
వద్దనింది. "మీ పెట్టె మీరు పెట్టుకోండి,
నడుమ కాలవ తవ్వుకుందాం."
అందరం ఒకే గుంటలో ఉంటే
ఒక్క తెగులు చాలు.
అది నాకెవురూ విడమర్చి చెప్పక్కర్లా.

సుఖమేం కాదు.
గాలివానకు కరెంటు పోతే పెట్టె గమ్మునైపోతాది.
టార్చి పట్టుకుని నేనే పోవాల,
తిట్లూ నేనే తినాల.
మేత ఏజెంటు సుధీరు ఒకసారి దొంగ రేటు రాసినాడు,
నలభై కౌంటు ధర పడిపోయిందని.
తీసేద్దామని కొందరు, వద్దని కొందరు.
అంగడి ముందర బల్ల మీద కూర్చోబెట్టి అడిగినాం.
వాడి గొంతు లేచింది. మాదీ లేచింది.
వారం దినాలు రాయొద్దన్నాం, మొహాన్నే చెప్పినాం.
ఎనిమిదోనాడు మోటారు చుట్టించుకోను వచ్చి
"తెరిచినారా?" అన్నాడు,
నా వైపు చూడకుండా.

ఇప్పుడు కోటిరెడ్డి లెక్కని
గుర్తున్నోళ్లు గుర్తున్నంత రాస్తా ఉండారు.
బెల్లం రెండు కిలోలంటాడు పెంచలయ్య.
మూడు, నేను పక్కనే నిలబడి చూసినా, అంటాది మునెమ్మ,
ఆయన గుంట కాడ పనిచేసిన మనిషి.
ఐదు దినాలుగా తేలలా.
నిన్న రాత్రి ఆయన భార్య మొదటిసారి రాసింది:
"ఆయన తూకమేసేవాడు కాదు.
దోసిలితో పోసేవాడు.
పెద్ద చేతులు."

దాని కింద ఇంకా ఎవురూ ఏమీ రాయలా.
బ్యాటరీలో నీళ్లు చూసి వచ్చి
పండుకున్నా.