కాటా చీటీ వెనక

చుట్టుగుంట దాటాక గాలికి ఘాటొస్తుంది.
కొత్తవాళ్ళు తుమ్ముతారు.
నాకు మాత్రం ఇంటికొచ్చినట్టుంటుంది.

కోల్డ్ స్టోరేజీలో నా బల్ల గేటు పక్కనే.
వచ్చిన లారీ బరువు, పోయే లారీ బరువు,
మధ్యలో ఎన్ని టిక్కీలు, ఎవరి మార్కు.
రోజంతా అంకెలు.
వారానికోసారి బ్యాడిగి లారీ వస్తుంది.
నాగూర్ మీరా దిగి, ముందు బిల్లు ఇవ్వడు.
సీటు కింద నుంచి సంచి తీస్తాడు.
"మీ నాయన" అంటాడు. అంతే.

ఈసారి సంచిలో
రెండు జతల ఉన్ని మేజోళ్ళు,
(చల్లగదిలో కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని
ఎప్పుడో దసరాకి ముందు అన్నాను)
స్కూటీకి బ్రేకు వైరు,
గుంటూరులో దొరకదా అంటే
"దొరుకుద్ది, నువ్వు కొనవుగా" అంటాడు.
అడుగున ఒక కాటా చీటీ.
ముందువైపు ఎవరిదో సరుకు, పన్నెండు టన్నుల మూడొందల యాభై.
వెనకవైపు పెన్సిలుతో:
"సువార్తకి. అక్కడ ఎండ నలభై నాలుగంట.
మద్దేన్నం బండి తియ్యమాక.
వైరు మార్పించి ఫొటో పెట్టు.
ఏసోబు."
నాయన అని రాయడు.
చీటీ అంటే సంతకం పెట్టాల్సిందే ఆయనకి.

ఇక్కడి యార్డులో కాయ గ్రేడు చూసేవాడు.
నాలుగు కాయలు విరిచి, గింజ నలిపి,
తేమెంతో తాలెంతో నిలబడే చెప్పేవాడు.
సాయంత్రానికి పది వేళ్ళూ పొయ్యిలో పెట్టి తీసినట్టుండేవి.
కొబ్బరినూనె, మజ్జిగ, చింతపండు, మట్టి,
అన్నీ రుద్దుకునేవాడు.
అయినా తన చేతుల్ని తనే నమ్మేవాడు కాదు.
నన్ను మోచేత్తో నిమిరేవాడు.
జ్వరమొస్తే మోచెయ్యే నా నుదుటి మీద.
పక్కింటి నాన్న బుగ్గలు గిల్లుతుంటే చూసి
మా నాయనకి అది చేతకాదనుకున్నాను.
ఓసారి మర్చిపోయి నా కంట్లో నలక తీశాడు.
రాత్రంతా నా ఏడుపు, ఆయన బిందెలతో నీళ్ళు.
తెల్లారి చూస్తే
రెండు చేతులకీ గుడ్డ చుట్టుకుని గుమ్మంలో కూచున్నాడు.

అమ్మ పోయిన ఏడాది
నన్ను మిషను హాస్టల్లో చేర్చి లారీ ఎక్కాడు.
మిరపకాయల కోసం గుంటూరు వదిలి
పోయేవాణ్ణి నిన్నే చూశానయ్యా అని
వార్డెనమ్మ నవ్వింది.
ఎనిమిదేళ్ళ దాన్ని, నవ్వలేదు.
చాలా ఏళ్ళు కోపం దాచుకున్నాను.
అడిగితే ఒకటే మాట, అక్కడ జీతం ఎక్కువ.

మొన్న ఫోన్లో, వానల సంగతేదో చెబుతూ చెబుతూ,
"ఇక్కడ కాయకి రంగే గానీ కారం లేదమ్మా.
పొద్దు గూకేసరికి చెయ్యి మామూలుగానే ఉంటది" అన్నాడు.
కాసేపాగి,
"సెలవులకొస్తే జడలేసేవాణ్ణి, గుర్తుందా?"

గుర్తుంది.
రేకుల గది ముందు, నీళ్ళ డ్రమ్ము పక్కన,
దువ్వెన పక్కన పడేసి
వేళ్ళతోనే చిక్కులు తీసేవాడు.
రెండు జడల్లో ఒకటెప్పుడూ లావు.
అద్దంలో ఆ లావు జడనే చూసి గునిశాను.
వేళ్ళు చూడలేదు.

ఇంత ఆలస్యంగా అర్థమైన సంగతి
ఎవరికి చెప్పుకోవాలి?
ఆయనకి చెబితే "ఛా, జీతం ఎక్కువే" అంటాడు.
పాత చీటీలు తీసి లెక్క కట్టాను, నా పనే అది కదా.
యార్డులో కంటే నెలకి నూట పది రూపాయలు.
నన్ను చూట్టానికి రానూ పోనూ ఖర్చుకే
ఆ నూట పదీ చాలి ఉండదు.

ఖాళీ లారీ కాటా ఎక్కింది.
నాగూర్ మీరా హారన్ కొడుతున్నాడు.
ఒక చీటీ చించి తిరగేశాను.
"బ్రేకు వైరు వేయించాను" అని రాశాను.
ఇంకా వేయించలేదు. సాయంత్రం వేయిస్తాను.
కింద కొంచెం చోటు మిగిలింది.
"ఈసారొచ్చినప్పుడు జడ వేస్తావా?
ముప్పై నాలుగేళ్ళొచ్చాయి, జుట్టు పల్చబడింది,
చిక్కు తక్కువే."
సంతకం పెట్టాను, సువార్త అని.

లారీ గేటు దాటింది.
పొద్దుట్నుంచీ శాంపిలు కాయలు పట్టుకున్న చేత్తో
మర్చిపోయి కన్ను నులుముకున్నాను.

మండింది.
గుంటూరు కాయ.